బస్తా మూతి కుట్టు

మా వదినకి చూపు తగ్గుతోందని ముందుగా కనిపెట్టింది నేను కాదు, మెషీను. రోజూ పక్కన కూర్చుని ఒకే డబ్బాలో అన్నం తిన్నదాన్ని, ఆమె దగ్గితే అది జలుబు దగ్గో కోపం దగ్గో చెప్పగలిగినదాన్ని, ఈ ఒక్క సంగతి మాత్రం నాకు తెలియలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

వదిన అంటే మా అన్నయ్య భార్య. అన్నయ్య పోయి చాలా ఏళ్ళయింది. రంగూన్‌లో చిమిండైంగ్ పేటలో నది ఒడ్డున ఉన్న పప్పుల మిల్లులో ఆమెది ముప్ఫై ఏళ్ళ పని. మిల్లు ప్రహరీ లోపలే వరసగా ఉన్న రేకుల గదుల్లో ఒకటి ఆమెకిచ్చారు. నేను ఊరికి అవతలి కొసన ఉన్న తాకేటా నుంచి రెండు బస్సులు మారి అదే మిల్లుకి వచ్చేదాన్ని. పై జిల్లాల నుంచి లారీల్లో మినుముల బస్తాలు వస్తాయి. మేం వాటిని చెరిగి, ఏరి, బాగుచేసి సంచులకెత్తితే ఓడలెక్కి మద్రాసు వెళ్తాయి. ఆంధ్రాలో ఎవరింట్లో గారెలు వేగినా అందులో మా చేతి పని ఉంటుందని నేను గొప్పలు పోయేదాన్ని. ఎవరూ చెప్పలేదు, నేనే ఊహించుకున్నాను.

చేట వదిన చేతిలో ఉంటే చూడాల్సిందే. రెండు విసుర్లు విసిరి ఒక్క తట్టు తట్టిందంటే పొట్టూ పుల్లా ఒకవైపుకి, రాయీ బెడ్డా ఇంకోవైపుకి, మంచి గింజ మధ్యలో నిలబడేది. బర్మా ఆడవాళ్ళు కూడా పీటలు దగ్గరికి జరుపుకుని ఆమె దగ్గరే నేర్చుకున్నారు. నాకు మాత్రం ఆ పని పట్టుబడలేదు. నాది చెయ్యి కన్నా నోరు ఎక్కువ ఆడే రకం. అందుకేనేమో నన్ను మిగతావాళ్ళ మీద పెద్దగా పెట్టారు.

వదిన ఒక్కగానొక్క కొడుకు, నా మేనల్లుడు, అదే మిల్లులో బస్తాలు కుట్టేవాడు. దబ్బనంలో పురికొస ఎక్కించి బస్తా మూతి బిగించి కుట్టడం వాడి పని. అందులో మా ఇళ్ళ పద్ధతి ఒకటుంది. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రంగూన్ రేవులో వీపుల మీద బస్తాలు మోసినవాళ్ళు. కుట్టిన తాడు కొస బయటికి పొడుచుకుని ఉంటే మోసేవాడి మెడ గీరుకుపోతుంది. అందుకని చివర రెండు చుట్లు చుట్టి కొసని లోపలికి దోపేసేవాళ్ళు. ఇప్పుడు మెడ మీద మోసేవాళ్ళు తక్కువ. అయినా మా ఇళ్ళలో దబ్బనం పట్టిన ప్రతివాళ్ళూ కొస లోపలికే దోపుతారు. మిగతావాళ్ళు తెంపి వదిలేస్తారు. పైగా మావాడిది ఎడమచేతి వాటం. వాడు చుట్టిన చుట్లు ఎడమవైపుకి తిరుగుతాయి.

సైన్యం అధికారం లాక్కున్న ఏడాది ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది. మొదటి రోజుల్లో పండగలాగే ఉండేది. రాత్రి ఎనిమిది కొట్టేసరికి ఇంటింటా గిన్నెలు మోగించేవాళ్ళం. దయ్యాన్ని తరమడానికి ఇక్కడివాళ్ళు చేసే పని అది. నా ఇత్తడి గిన్నెకి పడిన సొట్టలు ఇంకా అలాగే ఉన్నాయి. తర్వాత కాల్పులు మొదలయ్యాయి. ఇంటర్నెట్ ఆపేశారు. వీధి మలుపుల్లో సైనికులు ఫోన్లు లాక్కుని లోపల ఏముందో చూసేవాళ్ళు. మేనల్లుడి స్నేహితులిద్దరిని ఇళ్ళలోంచి పట్టుకెళ్ళారు. మర్నాడు పొద్దున్నే వాడు చిన్న సంచి భుజాన వేసుకుని, “అమ్మా, ఈ పూట నాకు వండకు” అని ఒక్కమాట చెప్పి వెళ్ళిపోయాడు. ఎక్కడికని వదిన అడగలేదు. తెలిస్తే ఎప్పుడైనా ఎవరైనా కొట్టి చెప్పించుకుంటారని భయం. వాడి నంబరు కూడా ఫోన్లోంచి తీసేసింది.

ఆ తర్వాత మా పీటలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. కొందరు ఊళ్ళకి పోయారు, కొందరు సరిహద్దు దాటి థాయిలాండ్ పోయారు. పడుచువాళ్ళు సైన్యంలో చేరి తీరాలని చట్టం వచ్చాక మిగిలిన నలుగురు మగపిల్లలూ ఒకే వారంలో మాయమయ్యారు. ముప్ఫై పీటల మీద మేం ఏడుగురం మిగిలాం, అందరం నడుంనొప్పి వయసువాళ్ళమే. లారీలు మాత్రం వస్తూనే ఉన్నాయి. బస్తాలు కప్పు దాకా పేరుకుపోయాయి. మేం సాయా అని పిలిచే యజమాని ఊరి నడిబొడ్డున చౌక్తడాలో ఉన్న తన ఆఫీసు వదిలేసి వచ్చి మా మధ్య తిరుగుతూ, మనుషులుంటే చెప్పండమ్మా, మీ చుట్టాలుంటే చెప్పండమ్మా అని బతిమాలేవాడు. చుట్టాలు ఎక్కడున్నారో మాకు తెలిస్తే కదా!

అప్పుడు తెప్పించాడు ఆ మెషీను. మెషీన్లు వచ్చి మనుషుల్ని వెళ్ళగొడతాయని అందరూ అంటారు. మా దగ్గర అలా జరగలేదు, మనుషులు పోయాకే మెషీను వచ్చింది. బీరువాకి రెండింతలుంది. పైనుంచి గింజలు వానలా జారుతుంటే లోపలున్న కెమెరాలు ఒక్కో గింజనీ చూస్తాయి. చెడ్డ గింజ కనిపించగానే సన్నటి గొట్టంలోంచి గాలి ఉఫ్‌మని ఊది దాన్ని పక్కకి నెట్టేస్తుంది. కరెంటు ఉన్నంతసేపే దాని ప్రతాపం. పూటకి రెండుసార్లు కరెంటు పోయేది, జనరేటర్ అందుకునేలోపు అది పెద్ద పీనుగులా నిలబడి ఉండేది. బిగించడానికి చైనా నుంచి మనిషి రావాలి. ఇక్కడి పరిస్థితి చూసి అతను రానన్నాడు. ఫోన్లో చూపిస్తూ చెబుతానన్నాడు. నాకు కాస్త ఇంగ్లీషు ముక్కలు వచ్చు కాబట్టి సాయా నన్ను దాని ముందు నిలబెట్టాడు. ఫోను నాలుగు మాటలకోసారి తెగిపోయేది. అతను “నొక్కు” అన్నది వినిపించేది, ఏది నొక్కాలో వినిపించేది కాదు.

ముఖ్యమైన ముక్క మాత్రం అర్థమైంది. దానికి ముందు మనమే చదువు చెప్పాలి. ఒక పళ్ళెం నిండా మంచి గింజలు, ఒక పళ్ళెం నిండా చెడ్డవి పోసి చూపిస్తే అది ఫొటోలు తీసుకుని నేర్చుకుంటుంది. పళ్ళేలు ఎవరు ఏరాలి? సాయా ఆలోచించనే లేదు, వదిన వైపు చూశాడు. వదిన రోజంతా కూర్చుని రెండు పళ్ళేలూ ఏరింది. నేను వెనక చేరి, “వదినా, గురుదక్షిణ ఏటి అడుగుతావు దీన్ని?” అని ఏడిపించాను కూడా. ఆమె నవ్వలేదు. నేను పట్టించుకోలేదు.

మెషీను పది రోజులు నడిచింది. పదకొండో రోజు కొనేవాడి తరఫు మనిషి సంచి మధ్యలోంచి గుప్పెడు గింజలు తీసి తెల్లకాగితం మీద పోశాడు. మూడో వంతు వానకి తడిసి ఎర్రబారిన గింజలు. సరుకు మొత్తం వద్దన్నాడు. సాయా ముఖం నల్లబడిపోయింది. అరవడం చేతకాని మనిషి, అది ఇంకా నరకం. “నీ చేతికిచ్చాను కదా” అని మాత్రం అన్నాడు నాతో.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మధ్యాహ్నం అన్నం మానేసి మెషీను వదిలిన గింజలు ఒళ్ళో పోసుకుని చూశాను. చిత్రమేమిటంటే అందులో ఒక్క రాయి లేదు. ఒక్క మట్టిబెడ్డ లేదు, పుచ్చు గింజ లేదు. ఎర్రవి మాత్రం ఉన్నాయి. మెషీనుకి బుద్ధి తక్కువైతే అన్నీ కలిపి వదలాలి కదా, ఇదేమిటి అనుకున్నాను. అప్పుడు వదిన ఏరగా పక్కన పెట్టిన మంచి గింజల పళ్ళెం తెచ్చి వెలుగులో పోశాను. దానిలోనూ అంతే, ఎర్రవి కుప్పలు.  రాయి చేతికి దొరుకుతుంది, బెడ్డ దొరుకుతుంది, పుచ్చు గింజ తేలిగ్గా ఉండి దొరికిపోతుంది. రంగు చేతికి దొరకదు. మెషీను తప్పు నేర్చుకోలేదు, మా వదిన చూపించింది చూపించినట్టు నేర్చుకుంది.

వదిన గదికి వెళ్ళాను. నాకు కోపం వస్తే మాట ముందు, బుద్ధి తర్వాత.

“నీకు అగుపడ్డం లేదు కదా?” అన్నాను.

ఆమె మంచం మీద కూర్చుని ఉంది. “ఏటి అగుపడ్డం లేదు?” అంది.

“నా ముకం అగుపడతందా? నవ్వుతున్నానా, ఏడుత్తున్నానా సెప్పు!”

“తిడతన్నావు. అది సూడక్కర్లేదు, ఇనబడతంది.”

ఒప్పుకుంది చివరికి. ఏడాదిన్నరగా కళ్ళ ముందు పాలు ఒలికినట్టుందట. రెండు కళ్ళూనూ. నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. చెప్తే ఆపరేషను చేయించేవాళ్ళం కదా అని అరిచాను. కంటి డాక్టర్లు సగం మంది ఉద్యోగాలు వదిలి దాక్కున్నారు నిజమే, అయినా వెతికితే ఎక్కడో ఒకరు దొరక్కపోరు. వద్దంది. కట్లు కట్టుకుని నెల్లాళ్ళు పడుకుంటే ఎలా అంది. నెల్లాళ్ళు పడుకుంటే కొంపేం మునుగుతుందని అడిగాను. సాయాకి తెలిస్తే తీసేస్తాడని భయమా అంటే అదీ అంది. తీసేస్తే మా ఇంటికి రా, నా పక్కన పడుకో, ముద్ద నేను పెడతాను అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఈ మిల్లు నానొగ్గను. సంపినా ఒగ్గను.”

“ఎందుకే? ఇక్కడేటుంది నీకు, మట్టీ దుమ్మూ తప్ప?”

ఆమె లేచి నా మణికట్టు పట్టుకుంది. గొడౌన్లోకి తీసుకెళ్ళింది. అక్కడ ఆమెకి చూపు అక్కర్లేదు, ప్రతి దూలం ఎక్కడుందో కాళ్ళకి తెలుసు. ఇంకా విప్పని బస్తాల వరస దగ్గర ఆగి మూతులు తడుముకుంటూ పోయింది. ఒక బస్తా దగ్గర ఆగి నా వేళ్ళు తీసుకుని కుట్టు చివర పెట్టింది. రెండు చుట్లు. కొస లోపలికి దోపి ఉంది. చుట్లు ఎడమవైపుకి తిరిగి ఉన్నాయి.

ఇంకోసారి తడిమి చూశాను. 

“ఆడెల్లిపోయిన నాలుగో నెల్లో మొదట దొరికింది” అంది వదిన నెమ్మదిగా. “పైన ఏ డిపోలోనో కుట్టుకుంటన్నాడు. నాను లారీవోడిని కూడా అడగనేదు. అడిగితే ఆడికి సేటు. వారానికో, రెండు వారాలకో ఓటి దొరుకుతాది. దొరికిందంటే ఆడు ఉన్నాడు. అంతే నాకు కావాల. కళ్ళు కట్టుకుని పడుకుంటే ఈ మూతులు ఎవులు తడుముతారు? నువ్వు సెప్పు.”

“నాకెందుకు సెప్పలేదు?” అన్నాను.

“నీ నోరు నాకు తెల్దా?” అంది. అది నిజమే కాబట్టి కోపం కూడా తెచ్చుకోలేకపోయాను. అక్కడే బస్తా మీద కూర్చుని ఏడ్చాను. ఆమె నా వీపు మీద రాసింది, ఆమెని నేను ఓదార్చాల్సింది పోయి.

ఆ తర్వాతి రెండు రోజుల్లో నా జన్మలో చెయ్యనంత శ్రద్ధగా పని చేశాను. తలుపు దగ్గర వెలుగులో కూర్చుని పళ్ళేలు రెండూ నేనే మళ్ళీ ఏరాను, ఒక్కో ఎర్ర గింజనీ వేరుచేసి. మెషీనుకి మళ్ళీ మొదట్నించి చదువు చెప్పాను. ఈసారి అది పొరపాటు చెయ్యలేదు. తప్పు ఎక్కడ జరిగిందని సాయా అడిగితే, మొదటిసారి నేనే ఏదో తప్పు మీట నొక్కానని చెప్పాను. నమ్మాడో లేదో. అబద్ధాలాడితే నా చెవులు ఎర్రబడతాయి. ఇంకో మాట కూడా అన్నాను. మెషీనులోకి బస్తాలు విప్పి పోసేచోట నమ్మకమైన చెయ్యి కావాలి, వదినని అక్కడ పెట్టండి, ఎత్తి పొయ్యడానికి ముసలాళ్ళిద్దరున్నారు, ఆమె మూతులు విప్పితే చాలు అన్నాను. చేటలకి ఇక ఎలాగూ పని లేదు. సాయా సరేనన్నాడు.

అలా మిల్లుకి వచ్చిన ప్రతి బస్తా మూతీ మా వదిన వేళ్ళ కిందనుంచే పోయేది. ఆ చలికాలం నేను సంతోషంగా ఉన్నానంటే దిష్టి తగులుతుందేమో గానీ, ఉన్నాను. మెషీను హోరు మధ్య ఆమె వైపు ఒక కన్ను వేసి ఉంచేదాన్ని. కొన్ని రోజులు ఆమె చెయ్యి ఒక మూతి దగ్గర ఆగేది. ఆ తాడు తెంపకుండా వేళ్ళతో విప్పి, ఉండచుట్టి, ఇక్కడి ఆడవాళ్ళం కట్టుకునే లుంగీ మడతలో దాచుకునేది. అన్నాల దగ్గర “ఒలే, ఒచ్చింది” అనేది. అంతే. ఇంకేం మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆ రోజు ఇద్దరం రెండు ముద్దలు ఎక్కువ తినేవాళ్ళం.

వానలు మొదలయ్యాయి. దారులు మూసేశారని మూడు వారాలు లారీలే రాలేదు. పైన యుద్ధం జరుగుతోందని చెప్పుకున్నారు. నాలుగో వారం ఒక లారీ వచ్చింది. వదిన మొదటి మూతి తడిమింది. రెండోది తడిమింది. ఆమె వేళ్ళు వెనక్కీ ముందుకీ పరిగెత్తడం చూసి నేను మెషీను ఆపి వెళ్ళాను. సన్నటి తెల్లదారంతో, చీమలబారులా తిన్నగా, ఒకే కొలతలో కుట్లు. లారీలో ఉన్న ప్రతి బస్తాకీ అవే.

డ్రైవర్ టీ తాగుతున్నాడు. వదిన అడగని మాట నేను అడిగాను. అతను తాపీగా చెప్పాడు. అక్కడా మనుషులు లేరక్కా, కుట్టే మెషీను కొన్నారు, చేత్తో పట్టుకుని మూతి మీద నడిపిస్తే టకటకా అయిపోతుంది, ఒక్క ముసలమ్మ చాలు అన్నాడు.

“మరి ఇంతకుముందు కుట్టినవాళ్ళు?”

“ఉండరు.”

“మెషీను వచ్చాక వెళ్ళారా? వాళ్ళు పోయాక మెషీను కొన్నారా?”

అతను నన్ను వింతగా చూశాడు. రెండింటికీ తేడా ఏమిటన్నట్టు. “నాకేం తెలుసక్కా? నేను సరుకెత్తుకుని వస్తాను” అన్నాడు. మెషీను వచ్చి మానిపిస్తే మావాడు ఎక్కడో ఇంకో పనిలో ఉంటాడు. ముందే వాడు లేకుండాపోతే, దానికోసం మెషీను కొంటే... మా మిల్లు సంగతి నాకు తెలుసు. ఏది ముందు జరిగిందో నేను నా కళ్ళతో చూశాను. ఆ మాట వదినకి చెప్పలేదు. చెప్పక్కర్లేదు, మా పక్కన ఖాళీ పీటలు ఆమెకీ తెలుసు.

తర్వాత నెలన్నర వదిన ప్రతి మూతీ తడుముతూనే ఉంది. తెల్లదారం ఒక కొస పట్టి లాగితే మొత్తం సర్రున ఊడి వచ్చేస్తుంది, తడమాల్సిన పనే లేదు. అయినా మొదట్నించి చివరిదాకా తడిమి, అప్పుడు లాగేది. అన్నం సగం వదిలేసేది. “తిను” అంటే “తింటన్నాను కదే” అనేది. మనిషి చిక్కి సగమైంది. నేను చూడలేకపోయాను. చూడలేకపోయాను కాబట్టి ఆ పని చేశాను, ఇంకే సమర్థనా నా దగ్గర లేదు.

ఒకరోజు పొద్దున్న అందరికన్నా ముందు మిల్లుకి చేరాను. కొత్తగా దిగిన బస్తాల్లో మధ్యలోది ఒకటి లాగి, తెల్లదారం ఊడదీసి, దబ్బనంతో పురికొస కుట్టాను. దారిలో పిగిలిన బస్తాలకి చేతికుట్లు వెయ్యడం మామూలే, ఎవరికీ అనుమానం రాదు. నాది కుడిచెయ్యి. ఎడమవైపుకి చుట్టడానికి నానాపాట్లు పడి, నాలుగుసార్లు విప్పి మళ్ళీ చుట్టాను. రెండు చుట్లు. కొస లోపలికి దోపాను. వేలికి దబ్బనం గుచ్చుకుంటే నెత్తురు బస్తాకి అంటకుండా నోట్లో పెట్టుకున్నాను.

పదిగంటలకి ఆ బస్తా వదిన ముందుకి వచ్చింది. నేను మెషీను తెర వైపు చూస్తున్నట్టు నటిస్తూ నిలబడ్డాను. ఆమె వేళ్ళు వచ్చాయి, ఆగాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి. ముసలాళ్ళిద్దరూ బస్తా ఎత్తడానికి వంగి ఎదురుచూస్తున్నారు. ఆమె మెల్లగా కొస బయటికి తీసింది, చుట్లు విప్పింది, తాడు ఉండచుట్టింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఈ పూట ఈమె తింటుంది అనుకున్నాను.

అన్నాల వేళ డబ్బా మూత తీశాను. “ఒలే, ఒచ్చింది” అనే మాట కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. ఆమె లుంగీ మడతలోంచి తాడు ఉండ తీసి నా అరచేతిలో పెట్టింది.

“సుట్టు ఎడమకే తిరిగింది” అంది. “లాగిన సెయ్యి కుడిది.”

నేను తల వంచుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆమె గొంతులో కోపం లేదు.

“నీకు నా మీద పేనమని నాకు తెల్సు. గానీ నువ్వు కుట్టినావంటే, ఇంక ఆడు కుట్టడనే కదా అనుకున్నావు?”

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. అబద్ధం బయటికి రాకముందే నా చెవులు వేడెక్కాయి.  వదిన చెయ్యి కడుక్కుని, గోడ పట్టుకుంటూ, విప్పాల్సిన బస్తాల దగ్గరికి వెళ్ళిపోయింది.